కారు భారమంతా నాలుగు అరచేతులంత రబ్బరుపైనే

నలుగురు కూర్చుని, డిక్కీలో సామాను పెట్టుకుని బయల్దేరిన చిన్న కారు బరువు దాదాపు పన్నెండు వందల కిలోలు. అంటే ఒక్కో చక్రం మీద మూడు వందల కిలోలు. టైరులో గాలి 32 పీఎస్‌ఐ ఉంటే ఆ చక్రం నేలను తాకే చోటు సుమారు 130 చదరపు సెంటీమీటర్లు, పెద్దవాళ్ల అరచేయంత. ఏబీఎస్ బ్రేకులున్నా, ఆరు ఎయిర్‌బ్యాగులున్నా, కారు ఆగాలన్నా మలుపు తిరగాలన్నా ఆ నాలుగు అరచేతులంత రబ్బరు నేలను పట్టుకోవాల్సిందే. ఆ పట్టు తప్పిందంటే మిగతా హంగులన్నీ ఉండీ లేనట్టే.

కారు కొనేముందు మైలేజీ గురించీ, రంగు గురించీ, తెర సైజు గురించీ నెలల తరబడి వాకబు చేసే కుటుంబాలు టైర్లు మార్చే రోజున మాత్రం షాపులో 'ఏదో మంచిది వేసెయ్యండి' అని చెప్పి బయట కుర్చీలో కూర్చుంటాయి. టైరుకు కొలత ఉంది, మోయగల బరువుకు హద్దుంది, వేగానికి హద్దుంది, పుట్టిన తేదీ ఉంది. ఇవన్నీ టైరు పక్కగోడ మీదే అచ్చయి ఉంటాయి. చదవడం తెలిస్తే చాలు, ఎంపికలో సగం పని అయిపోతుంది. మిగతా సగం గాలికీ వేడికీ సంబంధించినది. రామగుండం మొదలు తిరుపతి దాకా మే నెలలో 45 డిగ్రీల దరిదాపులకు చేరే ప్రాంతాల్లో ఈ రెండో సగానిదే పెద్ద పాత్ర.

వేడి ఎక్కడ పుడుతుంది

చూడ్డానికి ఒకే నల్లటి రబ్బరు ముద్దలా ఉండే టైరు నిజానికి పొరలు పొరలుగా కట్టిన వస్తువు. అన్నిటికన్నా లోపల గాలి బయటికి పోకుండా ఆపే పలుచని పొర. దాని మీద ఒక అంచు నుంచి మరో అంచుకు అడ్డంగా పరిచిన పాలిస్టర్ దారాలు. నేలను తాకే భాగం కింద సన్నని ఉక్కు తీగలతో అల్లిన పట్టీలు. వాటిపైన గాడులు తీసిన మందపాటి రబ్బరు. రిమ్మును గట్టిగా పట్టుకునే అంచుల్లో ఉక్కు తీగల కట్ట. దారాలు ఇలా అడ్డంగా పరిచిన టైరే రేడియల్ టైరు. 1946లో ఫ్రాన్స్‌కు చెందిన మిషెలిన్ కంపెనీ దీనికి పేటెంటు తీసుకుంది. ఇప్పుడు కొత్త కార్లన్నిటికీ వచ్చేవి ఇవే. సంగారెడ్డి జిల్లా సదాశివపేటలో ఎంఆర్‌ఎఫ్ కర్మాగారం ఉంది. తిరుపతి జిల్లా చినపాండూరులో 2020లో మొదలైన అపోలో కర్మాగారంలో తయారయ్యేవి కూడా రేడియల్ టైర్లే.

ఈ నిర్మాణంలో బలహీనమైన చోటు పక్కగోడ. అక్కడ ఉక్కు పట్టీలు ఉండవు. దారాలు, పలుచని రబ్బరు మాత్రమే ఉంటాయి. కారు బరువుకు కింది భాగం నొక్కుకుపోవడం, చక్రం తిరగ్గానే మళ్లీ యథారూపానికి రావడం అక్కడే జరుగుతుంది. 15 అంగుళాల రిమ్ము మీద ఉండే మామూలు కారు టైరు చుట్టుకొలత రెండు మీటర్లకు కాస్త తక్కువ. గంటకు వంద కిలోమీటర్ల వేగంలో అది సెకనుకు పద్నాలుగు సార్లు తిరుగుతుంది. హైదరాబాద్ నుంచి విజయవాడ చేరేసరికి పక్కగోడలోని ప్రతి భాగం దాదాపు లక్షా నలభై వేల సార్లు వంగి లేస్తుంది. వంగిన ప్రతిసారీ రబ్బరు కొంత శక్తిని మింగి వేడిగా మార్చుకుంటుంది. ఆ వేడి గాలిలో కలిసిపోయేంత వేగంగానే పుడుతున్నంత వరకు ఇబ్బంది లేదు. పుట్టే వేడి ఎక్కువై, పోయే వేడి తక్కువైతే పొరలను కలిపి ఉంచిన రబ్బరు పట్టు సడలుతుంది. ఉక్కు పట్టీల నుంచి పైపొర ఊడిపోవడమో, పక్కగోడ చిరిగి టైరు పేలడమో జరుగుతుంది.

పుట్టే వేడిని పెంచేవి ముఖ్యంగా మూడు: గాలి తగ్గడం, బరువు పెరగడం, వేగం పెరగడం. గాలి తక్కువైన టైరు ప్రతి చుట్టుకూ మామూలుకన్నా ఎక్కువ నలుగుతుంది. పైన బరువు కూడా ఎక్కువుంటే ఆ నలుగుడు మరీ ఎక్కువ. వేగం పెరిగితే అదే నలుగుడు సెకనుకు మరిన్ని సార్లు జరుగుతుంది. వేసవి సెలవుల్లో ఐదుగురు ఎక్కి, సామాను నింపి, గాలి చూసుకోకుండా జాతీయ రహదారి మీద 110లో నడిపే ప్రయాణంలో మూడూ ఒకేసారి కలుస్తాయి. కింద తారు రోడ్డు 60 డిగ్రీలు దాటి కాలుతుంటుంది కాబట్టి టైరుకు చల్లబడే అవకాశమూ ఉండదు.

ఇక్కడే తెలుగు రాష్ట్రాల్లో బాగా పాతుకుపోయిన ఒక నమ్మకం ప్రాణాల మీదికి తెస్తోంది. ఎండాకాలంలో గాలి వ్యాకోచించి టైరు పేలుతుందని భయపడి రెండు మూడు పాయింట్లు తక్కువ కొట్టించుకోవడం. వేడికి లోపలి గాలి పీడనం పెరిగే మాట నిజమే. టైరు ఐదారు డిగ్రీలు వేడెక్కినప్పుడల్లా సుమారు ఒక పీఎస్‌ఐ పెరుగుతుంది. హైవే మీద గంటసేపు నడిచిన టైరులో నాలుగైదు పాయింట్లు పెరిగి కనిపించడం సహజం. తయారీదారులు ఆ పెరుగుదలను ముందే లెక్కలో పెట్టుకుని టైరును కడతారు. దెబ్బ తినని టైరు అంతకు ఎన్నో రెట్లు పీడనాన్ని తట్టుకుంటుంది. తట్టుకోలేనిది లోపల రబ్బరును ఉడికించే వేడిని. గాలి తగ్గించడం ఆ వేడిని పెంచే పని. వేసవిలో తగ్గించాల్సినవి వేగం, బరువు. గాలిని కంపెనీ చెప్పిన అంకెకు ఒక్క పాయింటు కూడా తగ్గనివ్వకూడదు.

గాలి తగ్గితే ఏం జరుగుతుందో అమెరికా పెద్ద మూల్యం చెల్లించి నేర్చుకుంది. ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ వాహనాలకు బిగించిన ఫైర్‌స్టోన్ టైర్లు నడుస్తుండగానే పైపొర ఊడిపోవడం, వాహనం అదుపు తప్పి బోల్తా పడడం 1990ల చివర్లో వరుసగా జరిగింది. 2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ 65 లక్షల టైర్లను వెనక్కి పిలిచింది. అక్కడి జాతీయ రహదారి భద్రతా సంస్థ ఆ టైర్లతో ముడిపెట్టిన మరణాలు 271. ప్రమాదాలు ఎక్కువగా టెక్సాస్, ఫ్లోరిడా, అరిజోనా, కాలిఫోర్నియా లాంటి వేడి రాష్ట్రాల్లోనే జరిగాయి. టైరు నిర్మాణంలో లోపాలున్నాయని తేలింది. వాటికి తోడు, కుదుపు తగ్గి వాహనం నిలకడగా ఉండాలని ఫోర్డ్ సూచించిన గాలి 26 పీఎస్‌ఐ మాత్రమే. టైరు కంపెనీ 30 ఉండాలంది. ఎవరి తప్పెంత అని రెండు కంపెనీలు బహిరంగంగా తగువులాడుకుని, దాదాపు వందేళ్ల వ్యాపార బంధాన్ని తెంచుకున్నాయి. 2000లోనే అమెరికా కాంగ్రెస్ కొత్త చట్టం చేసింది. గాలి బాగా తగ్గితే డ్రైవరు ముందు దీపం వెలిగే ఏర్పాటు, అంటే టీపీఎంఎస్, అక్కడి కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి కావడం ఆ చట్టం ఫలితమే. డాలస్, హ్యూస్టన్‌లలో కార్లు నడిపే తెలుగువాళ్లు డ్యాష్‌బోర్డు మీద చూసే ఆ పసుపు గుర్తు వెనక ఇంత కథ ఉంది. ఒక్క జాగ్రత్త: గాలి ఉండాల్సిన దానికన్నా నాలుగో వంతు తగ్గితే గానీ ఆ దీపం వెలగాలని అమెరికా నిబంధన కోరదు. అప్పటికే టైరు చాలాసేపు నలిగి ఉండొచ్చు. అందువల్ల దీపం వెలగలేదు కాబట్టి గాలి సరిగ్గానే ఉందనుకోవడం పొరపాటు.

గాలి ఎంత, ఎప్పుడు

డ్రైవరు వైపు తలుపు తెరిస్తే స్తంభం మీద అతికించిన కాగితం కనిపిస్తుంది. ముందు టైర్లకు ఎంత, వెనక టైర్లకు ఎంత, నిండా జనం ఎక్కితే ఎంత అనేది అందులో ఉంటుంది. కొన్ని కార్లలో అది పెట్రోలు మూత లోపల ఉంటుంది. పాటించాల్సిన అంకె అదే. టైరు పక్కగోడ మీద 'మ్యాక్స్' అని రాసి ఉండే అంకె టైరు తట్టుకునే గరిష్ఠ హద్దు. ఆ అంకెకు గాలి కొట్టించకూడదు. అలా కొట్టిస్తే టైరు మధ్య భాగమే నేలను తాకి, పట్టు తగ్గి, నడుమ అరిగిపోతుంది.

కంపెనీ చెప్పే అంకె చల్లటి టైరుకు. కారు మూడు నాలుగు గంటలు నిలిచి ఉన్నాక, లేదా ఇంటి నుంచి రెండు మూడు కిలోమీటర్లు దాటకముందు చూడాలి. దారి మధ్యలో వేడిగా ఉన్నప్పుడు 36 చూపించిందని గాలి వదిలేయించడం పెద్ద పొరపాటు. మర్నాడు చల్లబడ్డాక అది 28కి దిగుతుంది. పెట్రోలు బంకుల్లోని మీటర్లన్నీ ఒకే మాట చెప్పవు కాబట్టి సొంతంగా ఒక చిన్న గేజీ డ్యాష్‌బోర్డులో పెట్టుకోవడం మంచిది. ఏ లోపమూ లేని టైరులో కూడా నెలకు ఒక పాయింటు దాకా గాలి తగ్గుతుంది. అందుకే నెలకోసారి, దూర ప్రయాణానికి ముందు తప్పక గాలి చూసుకోవాలి.

నైట్రోజన్ గురించి షాపుల్లో చెప్పే మాటల్లో కొంతే నిజం. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. స్వచ్ఛమైన నైట్రోజన్ కాస్త నెమ్మదిగా కారుతుంది, తేమ ఉండదు. అంతకుమించిన అద్భుతమేమీ లేదు. నైట్రోజన్ నింపించామన్న ధీమాతో ఆరు నెలలు గాలి చూడనివారికన్నా, మామూలు గాలితో నెలనెలా చూసుకునేవారి టైర్లే భద్రం.

పక్కగోడ మీది రాతలు

మారుతీ స్విఫ్ట్‌లో పై రకాలకు వచ్చే టైరు మీద 185/65 ఆర్15 అనే కొలత ఉంటుంది. 185 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 65 అంటే పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 65 శాతం. ఆర్ అంటే రేడియల్. 15 అంటే రిమ్ము వ్యాసం అంగుళాల్లో. దాని పక్కన 88హెచ్ లాంటి గుర్తు ఉంటే, దాన్ని చాలామంది పట్టించుకోరు గానీ పట్టించుకోవాల్సింది దాన్నే. 88 అనే సూచిక ఆ టైరు 560 కిలోల బరువు మోయగలదని చెబుతుంది. 82 అయితే 475 కిలోలే. చివరి అక్షరం వేగానికి హద్దు: ఎస్ అయితే గంటకు 180 కిలోమీటర్లు, టి అయితే 190, హెచ్ అయితే 210, వి అయితే 240. భారత రోడ్ల మీద ఆ వేగాలకు చట్టం ఒప్పుకోదు. అయినా ఆ అక్షరానికి విలువ ఉంది, ఎందుకంటే ఎక్కువ వేగానికి పరీక్షించిన టైరు ఎక్కువ వేడిని తట్టుకునేలా కట్టి ఉంటుంది. కొత్త టైరు బరువు సూచిక, వేగం అక్షరం కారుతో వచ్చిన వాటికి సమానంగానో ఎక్కువగానో ఉండాలి. కొలత ఒకటే కదా అని తక్కువ సూచిక ఉన్న చవక టైరు వేయించుకోవడం వెయ్యి రూపాయల కోసం భద్రతను తాకట్టు పెట్టడమే.

అందం కోసం వెడల్పాటి టైర్లు వేయించే మోజు యువతలో ఎక్కువ. చక్రం మొత్తం వ్యాసం మారకుండా చూసుకుంటే అందులో తప్పు లేదు. 185/65 ఆర్15 వ్యాసం 621 మిల్లీమీటర్ల పైచిలుకు. 195/55 ఆర్16 వ్యాసం దాదాపు 621. రెండూ ఒకటే అన్నట్టు. అదే 205/65 ఆర్15 వేస్తే 647కు పెరుగుతుంది, అంటే నాలుగు శాతం ఎక్కువ. స్పీడోమీటరు 100 చూపిస్తున్నప్పుడు కారు మొదట ఉన్నదానికన్నా నాలుగు కిలోమీటర్లు ఎక్కువ వేగంతో పోతుంది. చక్రం మలుపులో తిరిగేటప్పుడు లోపలి మడ్‌గార్డుకు రాసుకునే ప్రమాదమూ ఉంది. వ్యాసంలో తేడా రెండు శాతం దాటకుండా చూసుకోవాలి. పక్కగోడ మరీ పొట్టిదైతే గుంతలో పడ్డ దెబ్బ నేరుగా రిమ్ముకు తగులుతుందన్నది కూడా మర్చిపోకూడదు. గుంతల రోడ్ల మీద తిరిగే కారుకు ఎత్తైన పక్కగోడే క్షేమం.

అన్నిటికన్నా తక్కువమంది చదివేది పుట్టిన తేదీ. డీఓటీ అనే అక్షరాలతో మొదలయ్యే వరుస చివర, కోడిగుడ్డు ఆకారపు గడిలో నాలుగు అంకెలు ఉంటాయి. 3524 అని ఉంటే 2024లో 35వ వారం, అంటే ఆగస్టు చివర్లో తయారైందన్నమాట. కొన్ని టైర్లకు ఈ అంకెలు ఒకవైపే ఉంటాయి. ఆ వైపు లోపలికి తిప్పి బిగిస్తే కారు కింద వంగి చూస్తే తప్ప కనబడదు. అందుకే బిగించకముందే చదవాలి.

ఎప్పుడు మార్చాలి

కొత్త కారు టైరు గాడి లోతు సాధారణంగా ఏడెనిమిది మిల్లీమీటర్లు. కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారం కారుకు 1.6 మిల్లీమీటర్ల కన్నా తగ్గకూడదు. గాడుల అడుగున అక్కడక్కడా చిన్న గట్లు ఉంటాయి. వాటి ఎత్తు సరిగ్గా అంతే. పక్కగోడ అంచున 'టీడబ్ల్యూఐ' అక్షరాలో చిన్న త్రికోణమో వాటి జాడ చెబుతుంది. చుట్టూ ఉన్న రబ్బరు అరిగి ఆ గట్టుతో సమానమైతే ఆ టైరుకు చట్టప్రకారం కాలం చెల్లినట్టే.

వానాకాలంలో అంతవరకు ఆగడం కూడా ప్రమాదమే. గాడులు ఉన్నది నీటిని పక్కకు తోసేందుకు. నీరు పోయే దారి చాలనప్పుడు టైరుకూ రోడ్డుకూ మధ్య నీటి పొర చేరి చక్రం దాని మీద తేలుతుంది. స్టీరింగు ఒక్కసారిగా తేలికైపోతుంది, బ్రేకు నొక్కినా కారు జారుతూనే ఉంటుంది. బ్రిటన్‌లో జరిపిన పరీక్షల్లో, తడి రోడ్డు మీద 1.6 మిల్లీమీటర్లకు అరిగిన టైర్లతో కారు ఆగడానికి పట్టిన దూరం కొత్త టైర్లతో పోలిస్తే మూడో వంతుకు పైగా పెరిగింది. అందుకే మూడు మిల్లీమీటర్లకు దిగినప్పుడే మార్చుకోవడం మేలు. జూన్ తొలకరికి ముందే గాడి లోతు కొలిపించుకోవాలి.

ఎలా అరిగిందన్నది కూడా చూడాలి. రెండు అంచులూ అరిగి మధ్య మిగిలితే చాలాకాలం గాలి తక్కువతో నడిచిందని. మధ్య మాత్రమే అరిగితే గాలి ఎక్కువైందని. ఒకే అంచు అరిగితే అలైన్‌మెంటు తప్పిందని. అక్కడక్కడా గుంటలు పడ్డట్టు అరిగితే షాకబ్జార్బర్లు పాడయ్యాయని అనుమానించాలి. కారణం సరిచేయకుండా కొత్త టైర్లు వేస్తే అవీ అదే దారి పడతాయి.

గాడులు నిండుగా ఉండి కూడా పనికిరాని టైర్లున్నాయి. పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో స్థిరపడి, పెద్దవాళ్లిద్దరే ఉండే ఇళ్లలో కారు గుడికీ ఆస్పత్రికీ తప్ప కదలదు. ఏడాదికి రెండు మూడు వేల కిలోమీటర్లు కూడా తిరగదు. ఎనిమిదేళ్లయినా గాడి కొత్తగానే కనిపిస్తుంది. కానీ రబ్బరు కాలంతోపాటు గట్టిపడుతుంది. ఎండ, ఓజోన్, ఆక్సిజన్ దాని సాగే గుణాన్ని తినేస్తాయి. వేడి ప్రాంతాల్లో ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. పక్కగోడ మీద, గాడుల మొదట్లో వెంట్రుకల్లాంటి పగుళ్లు కనిపిస్తే అదే సూచన. బయటికి పగుళ్లు లేకుండానే లోపలి పొరల పట్టు సడలి ఉండొచ్చు కూడా. పిల్లలు సెలవుల్లో వచ్చి, అదే కారులో తిరుపతికో అరకుకో బయల్దేరినప్పుడు ఆ టైర్లకు పరీక్ష మొదలవుతుంది. ఐదేళ్లు దాటిన టైరును ఏటా నిపుణుడికి చూపించాలని, గాడి ఎంత ఉన్నా పదేళ్లు దాటితే మార్చేయాలని మిషెలిన్ లాంటి తయారీ సంస్థలే చెబుతున్నాయి. ఆరేళ్లకే మార్చమనే కార్ల కంపెనీలూ ఉన్నాయి. తెలుగు రాష్ట్రాల ఎండలకు ఆరేళ్ల లెక్కే సరైనది.

పక్కగోడ మీద ఎక్కడైనా చిన్న ఉబ్బు కనిపిస్తే ఆలోచించే పనే లేదు. గుంతలోనో డివైడరు అంచుకో బలంగా తగిలి లోపలి దారాలు తెగాయని, గాలిని ఆపుతున్నది పైనున్న రబ్బరు మాత్రమేనని దాని అర్థం. ఆ టైరుతో హైవే ఎక్కకూడదు.

పంక్చరు విషయంలో హద్దు స్పష్టం. నేలను తాకే భాగంలో, ఆరు మిల్లీమీటర్ల లోపు రంధ్రమైతే బాగుచేయించవచ్చు. పక్కగోడకు, భుజం భాగానికి మరమ్మతు లేదు. బయటి నుంచి జిగురు పూసిన స్ట్రిప్ గుచ్చడం అప్పటికి గడవడానికి ఉపయోగపడుతుంది. టైరు విప్పి, లోపలి నుంచి మష్రూమ్ ప్యాచ్ వేయించడమే సరైన మరమ్మతు. విప్పినప్పుడు లోపల చూసే అవకాశం కూడా దొరుకుతుంది. గాలి లేకుండా కాస్త దూరం నడిచినా పక్కగోడ లోపలి వైపు నలిగి నల్లటి పొడి రాలి ఉంటుంది. అలాంటి దానికి ప్యాచ్ వేసి మళ్లీ వాడకూడదు.

ఏది కొనాలి

దేశంలో అమ్మే కారు టైర్లకు ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి. 2022లో కేంద్ర రవాణా శాఖ నిబంధనలు సవరించి తడి రోడ్డు మీద పట్టు, దొర్లేటప్పుడు ఎదురయ్యే నిరోధం, చప్పుడు అనే మూడింటికి ప్రమాణాలు పెట్టింది. ఇంధన పొదుపు సంస్థ బీఈఈ ఇచ్చే నక్షత్రాలు ఫ్రిజ్‌ల మీదే కాదు, కొన్ని టైర్ల మీద కూడా కనిపిస్తాయి. అయితే ఆ నక్షత్రాలు చెప్పేది ఇంధనం ఆదా గురించే. నక్షత్రాలు ఎక్కువున్నంత మాత్రాన తడిలో బాగా ఆగుతుందని కాదు. విదేశాలకు ఎగుమతయ్యే రకాల మీద ట్రెడ్‌వేర్, ట్రాక్షన్, టెంపరేచర్ అనే అమెరికా గ్రేడ్లు ఉంటే వాటిని చదవడం మంచిది. టెంపరేచర్ దగ్గర ఏ ఉన్నది వేడిని బాగా తట్టుకుంటుంది, సి ఉన్నది తక్కువ. ఎక్కువ కిలోమీటర్లు వచ్చే గట్టి రబ్బరు, తడిలో బాగా పట్టే మెత్తటి రబ్బరు ఒకే టైరులో పూర్తిగా కుదరవు. లక్ష కిలోమీటర్లు వస్తుందన్న మాటకన్నా వానలో ఎంత త్వరగా ఆగుతుందన్న మాటకే కుటుంబాలు విలువివ్వాలి.

కొనేటప్పుడు తయారై ఏడాది దాటనిది అడగాలి. నాలుగూ దగ్గరి తేదీలవే ఉండాలి. బిల్లు మీద టైరు సీరియల్ నంబరు రాయించుకోవాలి. వారంటీ అడగాల్సి వస్తే అదే ఆధారం. టైర్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది కాబట్టి, పాత ధరకే అమ్మజూపితే నిలదీయవచ్చు.

సెకండ్‌హ్యాండ్ టైర్ల జోలికి పోకపోవడమే మేలు. నల్లటి పాలిష్ పూస్తే ఎనిమిదేళ్ల టైరు కూడా మెరుస్తుంది. అరిగిన గాడులను వేడి కత్తితో లోతుగా చెక్కి అమ్మేవారున్నారు; అలా చెక్కితే ఉక్కు పట్టీల మీద మిగిలే రబ్బరు కాగితమంత అవుతుంది. లారీలకు రీబటన్ చేయడం, అంటే అరిగిన టైరు మీద కొత్త రబ్బరు పొర వేయడం, ప్రమాణాలున్న వేరే పరిశ్రమ. లారీ టైరును దాని కోసమే మందంగా కడతారు. కారు టైరు అందుకు కట్టింది కాదు. రబ్బరు మీద సన్నని వెంట్రుకలున్నాయి కాబట్టి కొత్తదే అన్న నమ్మకం కూడా తప్పు. అవి అచ్చులో ఒత్తేటప్పుడు వచ్చేవి, గోదాములో ఐదేళ్లున్నా రాలవు.

చలి దేశాల్లోని తెలుగువాళ్లకు ఇంకో ప్రశ్న ఉంటుంది. ఏడు డిగ్రీల కిందికి చలి దిగితే మామూలు రబ్బరు గట్టిపడి పట్టు కోల్పోతుంది. మంచు కురిసే చోట మూడు శిఖరాల కొండ, మంచురేకు గుర్తున్న శీతాకాలపు టైర్లు వేసుకోవాలి. కెనడాలోని క్యూబెక్‌లో డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా అవి చట్టప్రకారం తప్పనిసరి.

బిగించే చోట

రెండే టైర్లు కొంటే ఎక్కడ వేయాలి? ముందు చక్రాలకే ఇంజను బలం, స్టీరింగు ఉంటాయి కాబట్టి కొత్తవి ముందే వేయాలని చాలా షాపులవాళ్లు అంటారు. కానీ టైరు కంపెనీలు చెప్పేది దానికి పూర్తిగా విరుద్ధం: కొత్తవి వెనక వేయాలి. తడి మలుపులో ముందు చక్రాలు జారితే కారు తిన్నగా పోతుంది. డ్రైవరుకు అది స్టీరింగులో తెలుస్తుంది, వేగం తగ్గిస్తే మళ్లీ దారికొస్తుంది. వెనక చక్రాలు జారితే కారు తోక తిరిగి గిరగిరా తిరుగుతుంది. ఆ స్థితి నుంచి కారును బయట పడేయడం మామూలు డ్రైవరు వల్ల కాదు. అందుకే మిగిలిన పాత మంచి జత ముందుకు, కొత్త జత వెనక్కు. నాలుగు చక్రాలకూ బలం వెళ్లే కార్లకు మాత్రం నాలుగూ ఒకే రకం, దాదాపు ఒకే లోతు ఉండాలి. ఏ కారుకైనా ఒకే ఇరుసు మీద రెండు వేర్వేరు రకాలు వేయకూడదు.

టైరుతోపాటు వాల్వు కొత్తది వేయించాలి. ఎండిపోయిన పాత వాల్వు వల్ల కొత్త టైరు గాలి కారిపోవడం మామూలే. కొన్ని టైర్ల మీద బాణం గుర్తు ఉంటుంది, అది తిరిగే దిశ. కొన్నింటి మీద 'అవుట్‌సైడ్' అని ఉంటుంది, ఆ వైపు బయటికే రావాలి. బ్యాలెన్సింగ్ తప్పనిసరి. అది చేయకపోతే 80, 100 మధ్య వేగంలో స్టీరింగు వణుకుతుంది. తర్వాత అలైన్‌మెంటు. నట్లను గాలి తుపాకీతో చివరిదాకా బిగించేయడం షాపుల్లో చాలా చోట్ల కనిపించే చెడ్డ అలవాటు. మితిమీరి బిగిస్తే బోల్టు సాగుతుంది, దారిలో పంక్చరైతే చేతి పానాకు నట్టు కదలదు. చివరి బిగింపు టార్క్ రెంచితో, కారు పుస్తకంలోని అంకెకు చేయమని అడగాలి. వంద కిలోమీటర్లలోపు మరోసారి బిగింపు చూపించుకోవాలి. కొత్త రబ్బరు మీద అచ్చు నుంచి వచ్చిన జారుడు పొర ఉంటుంది కాబట్టి మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు గట్టి బ్రేకులు, వేగపు మలుపులు లేకుండా నడపాలి. ఆ తర్వాత ఎనిమిది నుంచి పది వేల కిలోమీటర్లకోసారి ముందువి వెనక్కి, వెనకవి ముందుకు మారుస్తుంటే నాలుగూ సమానంగా అరుగుతాయి.

స్టెప్నీ, రోడ్డు మీద

డిక్కీలో పడున్న స్టెప్నీకీ వయసు ఉంటుంది, దాని గాలీ తగ్గుతుంది. నాలుగు టైర్లకూ గాలి చూపించే రోజున ఐదోదానికీ చూపించాలి. చాలా కొత్త కార్లలో స్టెప్నీ సన్నగా, చిన్నగా ఉంటుంది. దాని మీద గంటకు 80 దాటకూడదని రాసి ఉంటుంది. పంక్చరు షాపుదాకా చేరడానికే అది. టీపీఎంఎస్, పంక్చరు కిట్ ఉన్న కార్లకు స్టెప్నీ లేకపోయినా ఫర్వాలేదని 2020లో నిబంధన మారింది. కారు కొనేటప్పుడే ఆ సంగతి అడిగి తెలుసుకోవాలి.

చక్రం మార్చేటప్పుడు ముందు కారును రోడ్డు అంచుకు, గట్టి నేల మీదికి తేవాలి. హజార్డ్ లైట్లు వేసి, హ్యాండ్‌బ్రేకు లాగి, ఎదురు చక్రానికి రాయి అడ్డం పెట్టి, అందరినీ దింపి రోడ్డుకు దూరంగా నిలబెట్టాలి. నట్లను కారు నేల మీదుండగానే కొద్దిగా వదులు చేయాలి. జాకీ మీద ఎత్తాక బలంగా తిప్పితే కారు జారి పడొచ్చు. జాకీ మీదున్న కారు కిందికి చేయి గానీ తల గానీ పోనివ్వకూడదు. బిగించేటప్పుడు ఒకదాని పక్కది కాకుండా ఎదురెదురు నట్లు బిగించుకుంటూ పోవాలి.

పరుగులో టైరు పేలితే కాలు దానంతట అదే బ్రేకు మీదికి పోతుంది. ఆ పని చేయకూడదు. రెండు చేతులతో స్టీరింగును గట్టిగా తిన్నగా పట్టుకుని, యాక్సిలరేటరు మీది కాలు నెమ్మదిగా తీసి, కారు దానంతట అది వేగం కోల్పోయేదాకా ఆగాలి. 40, 50కి దిగాక ఎడమ అంచుకు తేవాలి. హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు మీద అనుమతించిన గరిష్ఠ వేగం 120. ఆ వేగంలో సీటుబెల్టు లేనివారికి ఈ జాగ్రత్తలేవీ అక్కరకు రావు.

బీమా గురించి ఒక మాట. కారుకు వేరే నష్టం లేకుండా టైరు ఒక్కటే పేలితే సాధారణ పాలసీ డబ్బివ్వదు. ప్రమాదంలో కారుతోపాటు టైరు పాడైతే కొత్త టైరు ధరలో సగమే ఇస్తుంది. పూర్తి మొత్తం కావాలంటే అదనపు రక్షణ తీసుకోవాలి.

విప్పిన పాత టైర్లను ఇంటి మీదో పెరట్లోనో పడేస్తే వాననీరు నిలిచి డెంగీ దోమలు పెరుగుతాయి. వాడిన టైర్లను తిరిగి సేకరించి శాస్త్రీయంగా శుద్ధి చేయించే బాధ్యతను 2022 నిబంధనలు తయారీదారుల మీద పెట్టాయి. కాబట్టి పాతవాటిని కొత్త టైర్లు అమ్మిన షాపుకే అప్పగించాలి. అప్పగించేముందు పక్కగోడను అక్కడికక్కడే అడ్డంగా కోయించండి; అవి పాలిష్ పూసుకుని వేరే కుటుంబం కారుకు చేరకుండా ఉంటాయి.